ఓసా ద్వీపకల్పం: "మనిషి అడుగు పడని అడవి" వెనకున్న మనుషుల కథ

ఈ మధ్య రీల్స్ చూస్తుంటే ఒక వీడియో అందరికీ కనిపించే ఉంటుంది. ఖాళీగా ఉన్న పొడవాటి బీచ్, దాని వెనకాలే గోడలా నిలబడ్డ పచ్చటి అడవి, పైన జంటగా ఎగిరే ఎర్రటి మకావ్ చిలకలు. కింద క్యాప్షన్: "మనిషి అడుగు పడని స్వర్గం". లొకేషన్ ట్యాగ్ చూస్తే కోస్టారికా, ఓసా ద్వీపకల్పం అని ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు కూడా లాంగ్ వీకెండ్ దొరికితే ఈమధ్య కోస్టారికా వెళ్లొస్తున్నారు కాబట్టి, మీ కజినో, ఫ్రెండో ఇప్పటికే ఒక ఫోటో పెట్టేసి ఉండొచ్చు.

ఆ ఫోటోలో అన్నీ నిజమే, క్యాప్షన్ ఒక్కటే అబద్ధం. ఆ అడవిలో మనుషులు ఉన్నారు. వందల మంది ఉన్నారు. చెట్లు కొట్టారు, వరి, మొక్కజొన్న వేశారు, పందుల్ని పెంచారు, వాగుల్లో బంగారం గాలించారు. వాళ్లను రెండుసార్లు బయటికి పంపించాకే మీరు చూసిన ఆ ఖాళీ బీచ్ తయారైంది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ కథే. ట్రిప్పు గురించి కూడా చెప్తాను, కంగారు పడకండి. కానీ ముందు కథ.

అసలు ఎక్కడుంది ఇది? కోస్టారికా మధ్య అమెరికాలో చిన్న దేశం, మన తెలంగాణలో సగం కూడా ఉండదు. ఒకవైపు కరీబియన్ సముద్రం, ఇంకోవైపు పసిఫిక్. ఆ పసిఫిక్ వైపు, బాగా కిందికి, పనామా సరిహద్దుకి దగ్గర్లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల ముక్కే ఓసా. దానికీ అసలు భూభాగానికీ మధ్య గోల్ఫో దుల్సే అనే అఖాతం ఉంది. పేరుకి అర్థం "తియ్యటి అఖాతం". ఒడ్డు నుంచి చూస్తే చెరువులా ప్రశాంతంగా ఉంటుంది గానీ, లోతు 200 మీటర్లు దాటుతుంది. ద్వీపకల్పంలో పడమటి వైపు, 424 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నదే కొర్కొవాడో నేషనల్ పార్క్. ఏడాదికి 5 మీటర్ల పైన వాన పడే చోటు. మిల్లీమీటర్లు కాదండీ, మీటర్లు.

చాలామంది సియెర్పె అనే చిన్న ఊరి నుంచి పడవెక్కి, మడ అడవుల మధ్యగా నది మీద వెళ్లి, సముద్రంలోకి దిగి, డ్రేక్ బే చేరతారు. ఆ పడవ ఎక్కే ముందు దారిలోనే ఒకచోట ఆగాలి. దాని పేరు ఫింకా 6. స్పానిష్‌లో ఫింకా అంటే తోట. ఒకప్పుడు అది అరటి తోటల కంపెనీ ఇచ్చిన నెంబరు. ఇప్పుడు అక్కడ గడ్డిలో రాతి గోళాలు ఉంటాయి. గుండ్రంగా అంటే మామూలు గుండ్రం కాదు, బంతిలా చెక్కినవి. ఆ ప్రాంతంలో దొరికినవాటిలో పెద్దది రెండున్నర మీటర్ల అడ్డుకొలత. ఇనుప పనిముట్లు లేని కాలంలో, క్రీ.శ. 500 నుంచి 1500 మధ్య, డికీస్ లోయలో బతికిన జనం వీటిని రాయితో రాయిని చెక్కి తయారు చేశారు. ఎందుకు చేశారన్నది ఇంకా చర్చలోనే ఉంది. 2014లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అవి బయటపడ్డ తీరు కూడా చెప్పుకోవాలి. 1930ల్లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి వేయడానికి అక్కడి అడవి నరికిస్తుంటే కూలీలకు ఈ గోళాలు తగిలాయి. లోపల బంగారం ఉంటుందని పుకారు లేచింది. కొన్నింటికి కన్నాలు పెట్టి డైనమైట్‌తో పేల్చేశారు. లోపల ఏముంది? రాయి. అంతే.

పుకారు తప్పు గానీ, ఆశకి ఒక కారణం ఉంది. ఆ నేలలో నిజంగానే బంగారం ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడి జనం చేసుకున్న బంగారు కప్పలు, గద్దలు రాజధాని సాన్ హోసేలో ఉన్న బంగారు మ్యూజియంలో చూడొచ్చు. 1579లో సముద్రపు దొంగో, రాణిగారి నావికుడో (మీరు ఏ దేశం పుస్తకం చదివారన్న దాన్ని బట్టి) ఫ్రాన్సిస్ డ్రేక్ ఇటుగా వచ్చాడు. డ్రేక్ బే పేరు అతనిదే. అతనికి కావాల్సిన బంగారం స్పెయిన్ ఓడల్లో దొరికింది కాబట్టి, ఇక్కడి వాగుల జోలికి పోలేదు.

వాగుల జోలికి జనం పోయింది 1930ల్లో. ఓసా వాగుల్లో బంగారం ఉందని తెలిసి కొద్దికొద్దిగా మనుషులు రావడం మొదలైంది. వాళ్లను స్థానికంగా "ఒరేరోలు" అంటారు. ఒరో అంటే బంగారం. వాళ్ల పని మన ఇళ్లలో బియ్యంలో రాళ్లు గాలించినట్టే. వాగు ఇసుకని వెడల్పాటి పళ్లెంలోకి తీసుకుని, నీళ్లలో ఊపుతూ ఉంటే, తేలికైన ఇసుక కొట్టుకుపోయి, బరువైన బంగారు రేణువులు అడుగున నిలుస్తాయి. రోజంతా నడుం వంచితే గోరు మీద పట్టేంత. ఒక్కోసారి అదీ లేదు. రోడ్డు లేదు, కరెంటు లేదు. అడ్రస్ లేకుండా బతకాలనుకున్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇప్పుడు అసలు గొడవ. 1950ల చివర్లో అమెరికన్ పెట్టుబడిదారుల కంపెనీ ఒకటి, ఓసా ప్రొడక్తోస్ ఫారెస్తాలెస్ అని, ఈ ద్వీపకల్పంలో 40 వేల హెక్టార్లకు పైగా సంపాదించింది. లెక్క చూస్తే దాదాపు లక్ష ఎకరాలు. కలప కోసం. కాగితాల మీద ఓనర్ కంపెనీ. నేల మీద ఎవరున్నారు? భూమి లేని రైతులు. వాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి, చెట్టు కొట్టి, తగలబెట్టి, విత్తనం చల్లుకున్నారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు అంటామే, చూడ్డానికి అలాగే ఉంటుంది. పోలిక అక్కడితో ఆపేద్దాం, వీళ్లు తరతరాలుగా అక్కడున్న ఆదివాసులు కారు, కొత్తగా వచ్చినవాళ్లే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ రోజుల్లో కోస్టారికాలో అడవిని అడవిగా ఉంచితే ఆ భూమి "ఖాళీ"గా ఉన్నట్టు లెక్క. నరికి సాగు చేస్తే "అభివృద్ధి" చేసినట్టు. హక్కు అడగాలంటే ముందు గొడ్డలి పట్టాలి. పైగా అమెరికాలో హాంబర్గర్లకు గొడ్డు మాంసం గిరాకీ పెరగడంతో దేశమంతా అడవులు పశువుల మేతబీళ్లు అయిపోయాయి. 1940ల్లో దేశంలో నాలుగింట మూడొంతులు ఉన్న అడవి 1980ల నాటికి పావు వంతుకి పడిపోయింది. ఇవాళ "గ్రీన్ కంట్రీ" అని పేరున్న దేశం అప్పట్లో ప్రపంచంలోనే వేగంగా అడవి నరుక్కున్న దేశాల్లో ఒకటి. ఈ ముక్క టూరిజం బ్రోచర్లలో పెద్దగా కనపడదు.

ఇదే సమయంలో ఇద్దరు కుర్రాళ్లు ఎంటరయ్యారు. నిజంగా కుర్రాళ్లే. మారియో బోసా, అల్వారో ఉగాల్దే. 1970లో ఒకతనికి 30 లోపు, ఇంకొకతనికి పాతిక లోపు. ముందు ఏడాదే అడవుల చట్టం వచ్చి, నేషనల్ పార్కుల శాఖ అని కాగితం మీద ఒకటి పుట్టింది. దానికి డబ్బు లేదు, సిబ్బంది దాదాపు లేరు. వీళ్లిద్దరూ మంత్రుల దగ్గరికి, ప్రెసిడెంట్ భార్య దగ్గరికి, విదేశీ శాస్త్రవేత్తల దగ్గరికి తిరిగి తిరిగి ఒక్కో పార్కు సాధించుకొచ్చారు. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం కదా, కొత్త ఆలోచన చెప్తే వినే అలవాటు కొంత ఉండేదేమో అనిపిస్తుంది నాకు. కానీ ఓసా మాత్రం వాళ్లకు కొరుకుడుపడలేదు. ఒకవైపు విదేశీ కంపెనీ, ఇంకోవైపు తిండికి లేని రైతులు. ఎవరిని కదిపినా రాజకీయంగా ముప్పే.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఉలోఫ్ వెస్‌బర్గ్, స్వీడన్ వాడు. భార్య కారెన్ మోగెన్సెన్‌ది డెన్మార్క్. ఇద్దరూ 1955లో కోస్టారికా వచ్చి, ఉత్తరాన నికోయా అనే వేరే ద్వీపకల్పంలో పండ్ల తోట వేసుకున్నారు. చుట్టూ అడవి మాయమైపోతుంటే చూడలేక, ఉత్తరాలు రాసి చందాలు పోగేసి, 1963లో కాబో బ్లాంకో అనే అభయారణ్యం ఏర్పాటయ్యేలా చేశారు. పార్కుల శాఖ పుట్టకముందే! ఆ వెస్‌బర్గ్ 1975లో ఓసా వచ్చాడు, ఇక్కడా పార్కు పెట్టొచ్చేమో చూద్దామని. ఆ జులైలో అడవిలోనే హత్యకు గురయ్యాడు. కారెన్ ఆ తోటలోనే ఉండిపోయి, 1994లో చనిపోయేదాకా అదే పని చేస్తూ బతికింది.

అతను పోయిన కొన్ని నెలలకే, 1975 అక్టోబర్‌లో, అధ్యక్షుడు దానియెల్ ఒదుబెర్ కొర్కొవాడోను నేషనల్ పార్కుగా ప్రకటించాడు. ఆక్రమణలు రోజురోజుకీ పెరుగుతున్నాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కుదరదని శాస్త్రవేత్తలు ఆయనకు గట్టిగా చెప్పారు. కంపెనీకి వేరే చోట ప్రభుత్వ భూమి ఇచ్చి మార్పిడి చేశారు. రైతు కుటుంబాలకు నష్టపరిహారం కట్టి బయటికి తరలించారు. ఉగాల్దే దగ్గరుండి ఈ పనంతా చూశాడు. తుపాకులు పేలకుండా ఇది జరగడం పెద్ద విషయమే, ఒప్పుకోవాలి. కానీ అడవి కొట్టి, ఇల్లు కట్టి, పంట చేతికొచ్చే టైముకి "లేవండి" అంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోయినవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

ఇక్కడికి కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. పదేళ్లు తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఈసారి కారణాలు దూరంగా ఉన్నాయి. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్‌లో బంగారం ఔన్సు 850 డాలర్ల దాకా ఎగబాకింది. 1981లో కోస్టారికా విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, కరెన్సీ కుప్పకూలింది. అఖాతానికి అవతలి ఒడ్డున గోల్ఫితో అనే ఊరు ఉంది. 1938 నుంచి అది యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ పట్టణం. ఇళ్లు, ఆసుపత్రి, రైలు, రేవు, అన్నీ కంపెనీవే. 1984లో అక్కడ రెండు నెలలకు పైగా సమ్మె జరిగింది. ఆ వెంటనే, 1984-85ల్లో, కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. వేల మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు.

ఇప్పుడు మీరే ఆ కూలీ అనుకోండి. చేతిలో పని లేదు. అఖాతం దాటితే వాగుల్లో బంగారం ఉంది. ఏం చేస్తారు? వాళ్లూ అదే చేశారు. పళ్లెం, పార పట్టుకుని పార్కులోకి నడిచారు.

ఒకరిద్దరు పళ్లెంతో గాలిస్తే వాగుకి ఏమీ కాదు. వందల మంది వచ్చేసరికి పళ్లెం పోయి పారలు, చెక్క కాలవలు వచ్చాయి. ఒడ్లు తవ్వి, చెట్ల వేళ్లు తెగ్గొట్టి, మట్టంతా వాగులోకి దించారు. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. బురద కింద చేపలు, రొయ్యలు బతకలేదు. పూట గడవడానికి అడవి పందుల్ని, దొరికిన ప్రతి జంతువునీ వేటాడారు. 1985లో డేనియల్ జాన్జెన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, తోటి బృందంతో కలిసి ఆ వాగుల వెంట తిరిగి ఒక నివేదిక ఇచ్చాడు. సారాంశం: వీళ్లను ఇప్పుడే బయటికి పంపకపోతే దక్షిణం వైపు పార్కు పోయినట్టే.

1986లో పోలీసులు వచ్చారు, ఒరేరోలను బయటికి పంపించారు. కొందరిని అరెస్టు చేశారు. పరిహారం ఇస్తామన్న మాట మాత్రం సాగుతూ పోయింది. అప్పుడు ఆ మనుషులు రాజధాని సాన్ హోసే వెళ్లి, నగరం నడిబొడ్డున పార్కుల్లో గుడారాలేసుకుని కూర్చున్నారు. ఒక పార్కు కోసం ఖాళీ చేసినవాళ్లు ఇంకో పార్కులో పడుకున్నారు. ఆఫీసులకు వెళ్లే జనం రోజూ వాళ్లను దాటుకుంటూ వెళ్లారు. చివరికి డబ్బులు వచ్చాయి.

తప్పు ఎవరిది అని నన్నడిగితే, అడవిని కాపాడిన నిర్ణయం కరెక్టే అంటాను. ఆ రెండుసార్లూ కాపాడకపోయి ఉంటే ఇవాళ అక్కడ మేతబీడు ఉండేది. కానీ ఖర్చు ఎవరి మీద పడింది? అరటి కంపెనీ మీద పడలేదు. కలప కంపెనీకి భూమికి భూమి దొరికింది. పడింది, అందరికంటే తక్కువ ఉన్నవాళ్ల మీద. ఆ తర్వాత ప్రభుత్వం నేర్చుకున్నట్టే ఉంది. 1996లో కొత్త అడవుల చట్టం తెచ్చి, అడవి నరికి భూమి వాడకం మార్చడాన్ని నిషేధించారు. 1997 నుంచి సొంత భూమిలో అడవిని ఉంచుకున్న రైతుకి ప్రభుత్వమే డబ్బు కడుతోంది, పెట్రోలు, డీజిల్ మీద వేసిన పన్నులోంచి. గొడ్డలి పడితే హక్కు వచ్చే రోజులు పోయి, పట్టకపోతే డబ్బు వచ్చే రోజులు వచ్చాయన్నమాట. ఇప్పుడు దేశంలో సగానికి పైగా మళ్లీ అడవే.

సరే, ట్రిప్పు. మీరు వెళ్తే ఏముంటుంది? కొర్కొవాడో లోపల అందరూ చేరాలనుకునే చోటు సిరేనా స్టేషన్. డ్రేక్ బే నుంచో, ప్వెర్తో హిమేనెస్ నుంచో పొద్దున్నే పడవలో వెళ్లొచ్చు. జెట్టీ లాంటిది ఉండదు, అల చూసుకుని మోకాళ్లలోతు నీళ్లలో దూకాలి. నడవాలనుకుంటే కరాతే నుంచి బీచ్ వెంబడే ల లియోనా మీదుగా ఒక రోజు నడక. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నదులు దాటకూడదు, సిరేనా నది మొగలో మొసళ్లూ ఉంటాయి, బుల్ షార్క్‌లూ వస్తాయి. సెల్ఫీ కోసం అక్కడ దిగొద్దు ప్లీజ్.

2014 నుంచి గైడ్ లేకుండా లోపలికి రానివ్వరు. మొదట్లో "ఇదేం గొడవ, ఖర్చు పెంచడానికే" అని నేనూ అనుకునేవాణ్ణి. కానీ ఈ రూల్ వల్ల చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన పిల్లలకు ఆ అడవిలోనే జీతం దొరికింది. అడవి తెలిసినవాళ్లు వాళ్లే కదా. తాతో, నాన్నో గాలింపు పళ్లెం పట్టిన ఇళ్లలోంచి ఇప్పుడు టెలిస్కోప్ మోసే గైడ్లు వస్తున్నారు. టేపిర్ బురదలో పడుకునే చోటు ఎక్కడో, అడవి పందుల మంద ఎదురైతే ఏం చేయాలో వాళ్లకు తెలుసు. కోస్టారికాలో ఉండే నాలుగు రకాల కోతులూ ఈ ఒక్క పార్కులోనే కనిపిస్తాయి.

బీచ్ వైపు అయితే, కాన్యో ద్వీపం దగ్గర స్నార్కెలింగ్ చేయొచ్చు. పాతకాలం జనం శ్మశానంగా వాడుకున్న దీవి అది, అక్కడా ఆ రాతి గోళాలు ఉన్నాయి. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ నీళ్లలోకి రెండు అర్ధగోళాల నుంచీ వస్తాయి, ఆగస్టు ప్రాంతంలో దక్షిణం నుంచి, డిసెంబర్ తర్వాత ఉత్తరం నుంచి. సర్ఫింగ్ అంటే మతపాలో కేప్. వానలు తగ్గేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా.

రెండు విషయాలు మాత్రం మనవాళ్లు చూస్తే నవ్వుకుంటారు. రీల్స్‌లో ఆ ఎర్ర మకావ్‌లు గుంపులుగా వాలే చెట్టు ఏంటో తెలుసా? బాదం. మన వైజాగ్‌లో, కాకినాడలో వీధి మొగలో ఉండే నాటు బాదమే. పిల్లలు కాయ రాయితో కొట్టి పప్పు తీసుకుంటారే, అదే. ఆసియా నుంచి అక్కడికి చేరిన చెట్టు, ఇప్పుడు చిలకలకు ముఖ్యమైన తిండి. మనకు రాయి కావాలి, వాటికి ముక్కు చాలు. ఇంకోటి, రాత్రిపూట ఆ బీచ్‌ల మీద గుడ్లు పెట్టే తాబేళ్లలో ఎక్కువ భాగం ఆలివ్ రిడ్లేలు. మన ఆంధ్ర తీరంలో చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేవీ అదే జాతి.

చివరిగా, మీకు ఒక రోజు ఎక్స్‌ట్రా ఉంటే బీచ్‌కి ఇవ్వకండి, దోస్ బ్రాసోస్ అనే ఊరికి ఇవ్వండి. ప్వెర్తో హిమేనెస్‌కి దగ్గరే, రియో తిగ్రె నది ఒడ్డున ఒరేరోలు కట్టుకున్న ఊరు. పార్కులోకి అక్కణ్ణుంచి కూడా ఒక కాలిబాట తెరిచారు. ఊళ్లోవాళ్లే ఇళ్లలో గది ఇస్తారు, వాళ్లే అన్నం పెడతారు. పొద్దున్నే వాగు దగ్గరికి తీసుకెళ్లి, బంగారం ఎలా గాలిస్తారో చూపిస్తారు. పళ్లెం మీ చేతికిస్తారు. మొదటిసారి ఇసుకతో పాటు అంతా పోతుంది. మణికట్టు తిప్పే తీరు వాళ్లు పక్కన నిలబడి చూపించాలి. అప్పుడు పళ్లెం అంచున, నల్లటి ఇసుకలో, ఆవగింజలో సగం అంత ఒక చుక్క మెరుస్తుంది.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. గోల్ఫితోలో అరటి కంపెనీ వెళ్లిపోయాక ఆ ఊరు ఏమైందన్నది వేరే పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.